నోరు జారే సెట్టర్, నోరు విప్పని ఆపరేటర్: ఒక ప్రెస్ షాప్ కేసు

సేఫ్టీ రిజిస్టర్‌లో ఈ కేసు మొదట ఒక్క వాక్యం: ‘100 టన్నుల ప్రెస్ మీద పంచ్ విరిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు.’ అందులో తిట్ల మాట లేదు, మనుషుల మాటా లేదు.

హైదరాబాద్ ఉత్తర శివారులో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. పర్మనెంటు, కాంట్రాక్టు కలిపి ఆరు వందల పైచిలుకు కార్మికులు. 500 మంది, ఆ పైన ఉన్న ఫ్యాక్టరీలో కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ చెప్పేది. అక్కడ ఆ ఉద్యోగం నాది. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, పేర్లు అసలు రాయడం లేదు.

ప్రెస్ షాప్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. కింద బోల్‌స్టర్ అనే బల్ల మీద డై, అంటే అచ్చు ఉంటుంది, పైన ర్యామ్‌కి, అంటే పైకీ కిందికీ కదిలే భాగానికి, పంచ్ బిగించి ఉంటుంది. మధ్యలో రేకు పెడితే పంచ్ దిగి దాన్ని కోస్తుంది, లేదా వంచుతుంది. డైని క్లాంపులు, బోల్టులతో కదలకుండా బిగించి, షట్ హైట్ (ర్యామ్ పూర్తిగా దిగినప్పుడు దానికీ బోల్‌స్టర్‌కీ మధ్య ఉండే ఎత్తు) సరిచూసి, మొదటి పీసు క్వాలిటీ వాళ్లతో ఓకే చేయించి ఆపరేటర్‌కి అప్పగించేవాడు సెట్టర్. ఆ తర్వాత షిఫ్టంతా స్ట్రోకులు కొట్టేవాడు ఆపరేటర్. ఈ కేసులో సెట్టర్‌కి యాభై దాటాయి, పర్మనెంటు, మెదక్ వైపు మనిషి, అదే షాపులో పాతికేళ్ల పైన పని. ఆపరేటర్ ఐటీఐ ఫిట్టర్ చదివిన శ్రీకాకుళం కుర్రాడు, కాంట్రాక్టర్ కింద చేరి ఏడాది కాలేదు.

ఆ రోజు ఒక క్లాంప్ నట్టు వదులవుతున్నట్టు కుర్రాడు కళ్లారా చూశాడు. చూసి కూడా స్ట్రోకులు కొడుతూనే ఉన్నాడు. కాసేపటికి డై వెంట్రుకవాసి జరిగింది. పంచ్ వెళ్లి డై అంచును కొట్టి విరిగింది. ముక్క ఎగిరి గార్డు జాలీకి తగిలి కిందపడింది. జాలీ లేకపోతే ఈ కేసు వేరే రకంగా రాయాల్సి వచ్చేది.

సేఫ్టీ ఆఫీసర్ అడిగాడు: “నట్టు వదులైంది చూశావా?”

“చూశానండి.”

“మరి సెట్టర్‌కి ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే తిడతాడండి.”

సేఫ్టీ ఆఫీసర్ తెలివైనవాడు. మూలకారణం అనే గడిలో ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాసి ఫైలు మూసేయకుండా ఆ కుర్రాణ్ని నా దగ్గరికి పంపాడు. ఆ గడిలో నిర్లక్ష్యం అని పడి ఉంటే కాంట్రాక్టర్ మర్నాడే కుర్రాడి గేట్‌పాస్ వెనక్కి తీసుకునేవాడు.

ముందు తేల్చుకోవాల్సినవి

ఇలాంటి కేసు చేతికి రాగానే నేను ముందు రెండు విషయాలు తేల్చుకుంటాను. తిట్టులో కులం ఉందా? తిట్లు తిన్నది ఆడమనిషా? ఎస్సీ, ఎస్టీ కార్మికుణ్ని నలుగురిలో కులం పేరుతో దూషిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చే నేరం. దాన్ని ఫ్యాక్టరీలో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేసే హక్కు ఎవరికీ లేదు. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి వెళ్లాలి, వెల్ఫేర్ ఆఫీసర్ గదిలో తేలే పని కాదు. ఈ కేసులో ఆ రెండూ లేవు. అమ్మను కలిపి తిట్టే మాటలు ఉన్నాయి, ఊరిని వెక్కిరించడం ఉంది. కుర్రాడు “ఏటండి” అన్నప్పుడల్లా సెట్టర్ “ఏటి, ఏటి” అంటూ పదిమందికీ వినపడేలా అనుకరించేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. కుర్రాడు తిట్లకన్నా ఆ నవ్వుల గురించే ఎక్కువసేపు చెప్పాడు.

వేధించేవాడు ఒక్కడే అయినా, చుట్టూ నవ్వేవాళ్లు ఉండబట్టే అది సాగుతుంది. షాప్ ఫ్లోర్ మీద హాస్యం లేకపోతే ఎనిమిది గంటలు గడవవు, నిజమే. అక్కడ మాట మోటుగానే ఉంటుంది, ఉండనివ్వాలి కూడా. “ఏం రా బై” అంటే అక్కడ ఎవరూ నొచ్చుకోరు. ఆ మోటుతనం ఎక్కడ హద్దు దాటిందో నేను చూసే గుర్తు ఒకటే: అవతలివాడు తిరిగి అదే మాట అనగలడా? ఇద్దరూ అనుకోగలిగితే వేళాకోళం. ఒకడే అనగలిగి, రెండోవాడు అంటే ఉద్యోగం పోయేట్టుంటే అది వేళాకోళం కాదు. కాంట్రాక్టు కుర్రాడు పర్మనెంటు సెట్టర్‌ని తిరిగి “ఏందిరా” అని అనగలడా?

యూనియన్ నాయకుడు నా గదికి వచ్చి అందరూ అనే మాటే అన్నాడు: “ఆయన నోరు అంతే సార్, మనసు వెన్న.” ఈ మాట నా ఉద్యోగంలో విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. మనసు ఎలాంటిదో పంచనామా చేసే సాధనం నా దగ్గర లేదు, నోట్లోంచి వచ్చినదాన్నే నేను చూడగలను అని చెప్పాను. ఆయన నవ్వాడు గానీ, సెట్టర్‌తో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు. అతను లేకపోతే ఈ కేసు ముందుకు కదిలేది కాదు.

తిట్టును తిట్టులాగే రాయాలి

కుర్రాణ్ని ఫిర్యాదు రాసివ్వమంటే ‘సెట్టర్ గారు నన్ను అసభ్య పదజాలంతో దూషించారు’ అని రాశాడు. తెలుగు మాస్టారు ముచ్చటపడే వాక్యం. విచారణలో మాత్రం పనికిరాదు. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఏ మెషీన్ దగ్గర, ఏ పని జరుగుతుండగా, ఏ మాట అన్నాడు, ఎవరు విన్నారు? ఇవి లేకపోతే చార్జిషీటు నిలవదు. అన్న మాటను అన్నట్టే రాయాలి. చాలామందికి ఇక్కడే చెయ్యి ఆగిపోతుంది. అమ్మను కలిపి తిట్టిన మాటను తన చేతి రాతతో కాగితం మీద పెట్టడం ఈ కుర్రాడికి ఎంత కష్టమైందంటే, చివరికి ఆ కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి ఇచ్చాడు. నేనేమీ అనలేదు.

ఫోన్లు షాపులోకి రానివ్వరు కాబట్టి రికార్డింగ్ ఊసే లేదు. జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం పెట్టుకోమన్నాను. రోజంతా జరిగినవి రాయొద్దు, మాట హద్దు దాటిన సందర్భాలు మాత్రమే, అదీ షిఫ్టు అయ్యాక క్యాంటీన్లో కూర్చుని రాయమన్నాను. దానికి ముందు తను ఏం అన్నాడో, ఏం చేశాడో కూడా రాయమన్నాను. ఈ చివరి మాట అతనికి నచ్చలేదు. “నా తప్పు నేనే రాసుకోవాలా?” అన్నాడు. రాశాడు. కేసును మలుపు తిప్పింది ఆ వరసే.

నోటుపుస్తకంలో ఒక తీరు కనిపించింది. తిట్లలో ఎక్కువ భాగం రెండు సమయాల్లోనే పడుతున్నాయి: డై మార్చేటప్పుడు, కుర్రాడు ఏదైనా అడిగి సెట్టర్ “ఏందీ?” అన్న తర్వాత. కుర్రాడు మళ్లీ చెబుతాడు. సెట్టర్ మళ్లీ “ఏందీ?” అంటాడు. మూడోసారి కుర్రాడు ఊరుకుంటాడు. అప్పుడు తిట్టు. టీ టైములో, బట్టలు మార్చుకునే గదిలో అదే సెట్టర్ అదే కుర్రాణ్ని పెద్దగా ఏమీ అనలేదు. వెక్కిరింపు మాత్రం అన్నిచోట్లా ఉంది.

సెట్టర్ వైపు నుంచి

సెట్టర్‌తో ఫస్ట్ ఎయిడ్ గదిలో మాట్లాడాను. నా ఆఫీసుకు పిలిస్తే అందరికీ తెలుస్తుంది, వచ్చేటప్పుడే కోపంతో వస్తాడు. తలుపు తీసి ఉన్న గది, యూనియన్ నాయకుడు పక్కన.

“నేను నేర్చుకున్నప్పుడు మా ఉస్తాద్ పానాతోటి కొట్టేటోడు. నేను నోటితోటే అంటున్న” అన్నాడు. ఆ తరం వాళ్లలో దాదాపు అందరిదీ ఇదే లెక్క. తాము పడినదానికంటే తక్కువే పెడుతున్నాం కదా అని వాళ్ల నమ్మకం. దాన్ని వాదించి గెలవలేం, గెలవాల్సిన అవసరమూ లేదు. ఆ తర్వాత అన్న మాట నాకు ముఖ్యమనిపించింది: “ఆ పోరగాడు మొఖం మీద చెప్పడు. గొణుగుతడు. నా ఎనుక ఏమో అనుకుంట పోతడు.”

ఆ గది నిశ్శబ్దంగానే ఉంటుంది. అయినా నేను మామూలు గొంతుతో అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి అతను యూనియన్ నాయకుడి వైపు చూశాడు. నాయకుడు అలవాటుగా గట్టిగా తిరిగి చెప్పాడు. తను అనువాదం చేస్తున్నట్టు ఆ నాయకుడికి కూడా తెలియదు.

వినికిడి పరీక్ష చేయిద్దామంటే సెట్టర్ ఒప్పుకోలేదు. “చెవుడని రాసి తీసేస్తరు.” ఈ భయం ఊరికే వచ్చింది కాదు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం అప్పటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో ఉన్న వృత్తి వ్యాధి. తేలితే మేనేజర్ ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు తెలియజేయాల్సి ఉండేది. అందుకే పరీక్ష జరగకుండా ఉంటేనే మేలని చూసే ఫ్యాక్టరీలు ఉన్నాయి, పరీక్ష తప్పించుకునే కార్మికులూ ఉన్నారు. రిజల్టు ఏదైనా పని నుంచి తీసేయబోమని ప్లాంట్ హెడ్ చేత కాగితం మీద రాయించాకే అతను ఆడియోమెట్రీకి కూర్చున్నాడు.

రిపోర్టు ఊహించినట్టే వచ్చింది. శబ్దం వల్ల చెవి పాడైనప్పుడు మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. గ్రాఫులో అక్కడ గుంట పడుతుంది. ఆ స్థితిలో మనిషికి ఎదుటివాడు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమంటున్నాడో తెలియదు. అచ్చుల్లో బలం ఉంటుంది కాబట్టి అవి వినపడతాయి. స, చ, ట లాంటివి జారిపోతాయి. ‘సెట్టు’, ‘చెట్టు’, ‘పెట్టు’ మూడూ ఆ చెవికి ఇంచుమించు ఒకటే. దాని మీద ఇయర్ ప్లగ్గులు, దాని మీద ప్రెస్సుల మోత. మన ఫ్యాక్టరీ నియమాల్లో రోజుకు ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ హద్దు. 95 అయితే నాలుగు గంటలే. ఆ మెషీన్ దగ్గర మీటరు 95 అటూ ఇటూ ఆడింది. మెత్తటి గొంతు కుర్రాడు, కొత్త యాస, పైగా మూతికి గుడ్డ. సెట్టర్‌కి అది గొణుగుడే.

రిపోర్టు బయటపడగానే అందరూ హమ్మయ్య అనుకున్నారు. ప్రొడక్షన్ మేనేజర్ అయితే “పాపం ఆయనకి వినపడదు, అదీ సంగతి” అని కేసు మూసేయబోయాడు. నేను ఒప్పుకోలేదు. గట్టిగా అరవడానికి చెవి కారణం. “ఏందీ” అని నాలుగుసార్లు అడగడానికి చెవి కారణం. అమ్మను తిట్టమని చెవి చెప్పలేదు. టీ టైములో యాసను వెక్కిరించమనీ చెప్పలేదు. ఇక్కణ్నుంచి కేసును రెండుగా చీల్చాను: పని తీరు వల్ల పుట్టింది ఒకటి, మనిషి తనకు తానుగా ఎంచుకున్నది రెండోది. మొదటిదాన్ని పనిలో సరిచేయాలి, రెండోదానికి మనిషి చేత జవాబు చెప్పించాలి. రెండూ కలిపేస్తే ఒకచోట జాలి ఎక్కువవుతుంది, ఇంకోచోట శిక్ష ఎక్కువవుతుంది.

పనిలో మార్చినవి

డై మార్చే సమయంలోనే తిట్లు ఎందుకంటే, ఆ ముప్పావుగంట ఎవరి ఖాతాలో పడుతుందన్నది తేలలేదు. ఆపరేటర్‌కి ఇన్సెంటివ్ పీసుల లెక్కన వస్తుంది. డై మారుతున్నంతసేపూ అతని పీసులు సున్నా, కాబట్టి తొందరపెడతాడు. పైనుంచి సూపర్‌వైజర్ సెట్టర్ని తొందరపెడతాడు. ఇద్దర్నీ ఒకరి మీదికి ఒకర్ని తోస్తున్నది ఆ లెక్క. డై మార్పు సమయాన్ని ఆపరేటర్ టార్గెట్లోంచి తీసేయమని పారిశ్రామిక ఇంజినీరింగ్ వాళ్లను ఒప్పించడానికి నోటుపుస్తకంలోని తేదీలే ఉపయోగపడ్డాయి. మామూలుగా వాళ్లు వెల్ఫేర్ మాట వినరు. పంచ్ ఖరీదు, పోయిన ఉత్పత్తి పక్కన పెట్టి చూపిస్తే విన్నారు.

బిగించిన ప్రతి నట్టు మీద, క్లాంప్ మీద కలిపి ఒక పసుపు పెయింట్ గీత గీయడం మొదలుపెట్టారు. నట్టు కదిలితే గీత విరిగినట్టు దూరం నుంచే కనపడుతుంది. గీత తప్పితే ఆపరేటర్ ఎవర్నీ అడగకుండా మెషీన్ ఆపి ఎర్ర ట్యాగు తగిలించవచ్చు. నోరు తెరిచి అడగాల్సిన పని లేదు, వినపడాల్సిన పనీ లేదు. అప్పగింత స్లిప్పు ఒకటి ప్రెస్సుకే వేలాడుతుంది: షట్ హైట్ ఎంత, షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చటి రేకుముక్కలు) ఎన్ని, ఏ బోల్టు అనుమానం. ఇవేమీ కొత్త కనిపెట్టడాలు కావు, మంచి ప్రెస్ షాపుల్లో ఎప్పటినుంచో ఉన్నవే. ఇక్కడ లేవు, ఎందుకంటే సెట్టర్‌కి అన్నీ నోటికి వచ్చు.

గోడ మీద ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని పోస్టరు కొట్టిద్దామని హెచ్ఆర్ ట్రైనీ ఒకమ్మాయి ప్రతిపాదించింది. కొట్టించారు. దాని కింద ఎవరో మర్నాటికే బొగ్గుతో ఏదో రాశారు. తీసేశాం.

నోటీసు

చాలా రాష్ట్రాల నియమాల ప్రకారం వెల్ఫేర్ ఆఫీసర్ కార్మికుడి మీద క్రమశిక్షణ కేసు నడపకూడదు. నేను ఎక్కడ పనిచేసినా ఆ గీత దాటను. కార్మికుడు నన్ను పోలీసులా చూడటం మొదలుపెడితే రెండో రోజు నుంచి ఎవడూ నా గదికి రాడు. వివరాలు హెచ్ఆర్ హెడ్‌కి అప్పగించాను, నోటీసు ఆయన ఇచ్చాడు.

ఎంత శిక్ష అన్నదగ్గర వాదన నడిచింది. ప్లాంట్ హెడ్‌కి గట్టి చర్య కావాలి. బూతు మాట్లాడినందుకు ఉద్యోగం తీసేయొచ్చా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రశ్న, జవాబు కేసును బట్టి మారింది. 1982లో ఉత్తరప్రదేశ్ కేసులో, తొందరపడి అన్న మాటకు డిస్మిస్ ఎక్కువని చెప్పి రెండు ఇంక్రిమెంట్ల కోతతో సరిపెట్టింది. 2005లో ఒక వాహనాల కంపెనీ కేసులో, పై అధికారిని పచ్చి బూతులు తిట్టిన కార్మికుడి డిస్మిస్‌ను సమర్థించింది. ఈ సెట్టర్ ఫైలులో పాతికేళ్లలో ఒక్క మెమో లేదు. తిట్టలేదని కాదు, ఎవరూ రాయలేదు. అన్నేళ్లు ఊరుకుని ఒక్కసారిగా గేటు చూపిస్తే ఏ లేబర్ కోర్టులోనూ నిలవదు, న్యాయమూ కాదు. తేదీలతో, మాటలతో మూడు సంఘటనలు రాసి లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చారు. మళ్లీ జరిగితే స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీలో ఉద్యోగ నియమావళి) ప్రకారం సస్పెన్షన్ అని అందులోనే ఉంది. అప్పటి కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో శిక్షగా వేసే సస్పెన్షన్ ఒకసారికి నాలుగు రోజులు దాటకూడదని ఉండేది.

ఇద్దర్నీ నిలబెట్టి చేతులు కలిపించే తంతు నేను చేయను. అలా కలిసిన చేతులు తలుపు దాటగానే విడిపోతాయి. విడివిడిగా ఒప్పించి, ఒకసారి కూర్చోబెట్టింది పని మాటల కోసమే: ఎదురుగా నిలబడి, మూతి గుడ్డ తీసి, చేత్తో చూపించి చెప్పాలి. మోత ఎక్కువుంటే రెండు అడుగులు పక్కకి రావాలి. ప్రెస్ నడుస్తుండగా వెనక నుంచి భుజం తట్టకూడదు. అవి అయ్యాక కుర్రాడు నేను నేర్పని మాట ఒకటి అన్నాడు.

“అన్నా, పని తప్పయితే పని గురించి ఎంతైనా అను, పడతాను. మాయమ్మ మాటెత్తకు. మా ఊరి మాటెత్తకు.”

సెట్టర్ కాసేపు ఊరుకుని, “ఇనవడ్డది” అన్నాడు. క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా నన్ను ఏమనాలో చెప్పమంటే ఆ కుర్రాడి మాటే చెబుతున్నాను. దేన్ని పడతాడో, దేన్ని పడడో రెండూ అందులో ఉన్నాయి. పనిలో తను తక్కువవాడినని ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు, అందుకే రెండో సగానికి బలం వచ్చింది. కాకపోతే నోటీసు వెళ్లాక అన్నాడు కాబట్టి చెల్లింది. ముందే ఒంటరిగా అని ఉంటే ఏమయ్యేదో వేరే సంగతి.

తర్వాత

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత రాత్రి షిఫ్టులో సెట్టర్ ఇంకో హెల్పర్ని అదే మాటతో తిట్టాడు. ఈసారి హెల్పరే చీటీ రాసి ఫిర్యాదుల పెట్టెలో వేశాడు, మాట మాటగా రాసి. షోకాజ్ ఇస్తే సెట్టర్ ఒప్పుకున్నాడు. రెండు రోజుల సస్పెన్షన్. యూనియన్ గేటు దగ్గర కాసేపు నినాదాలు చేసి లోపలికి వచ్చింది. ఆ తర్వాత అమ్మ మాట మళ్లీ నా దాకా రాలేదు. వెక్కిరింపులు పూర్తిగా పోయాయని మాత్రం నేను రాయలేను. నవ్వేవాళ్లు తగ్గారు, అంతే.

చెవి విషయంలో చిక్కు ఇంకొకటి వచ్చింది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) జీతం పరిమితి అప్పట్లో 21,000 రూపాయలు. కాంట్రాక్టు కుర్రాడు అందులో ఉన్నాడు, సీనియర్ సెట్టర్ జీతం దాన్ని దాటింది. కాబట్టి అతని పరిహారం అప్పట్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద అడగాల్సి వచ్చింది. దరఖాస్తు వేయించాం, నడుస్తోంది. ప్రెస్ షాపు అందరికీ ఏటా ఆడియోమెట్రీ మొదలైంది. పాత సెట్టర్లలో మరికొందరికి అదే గుంట కనిపించింది.

ఇదంతా పాత చట్టాల కాలం కేసు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్లు 300 మంది, ఆ పైన ఉన్నచోటికే వర్తిస్తాయి. ఈ ఫ్యాక్టరీకి తేడా రాదు. చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు మాత్రం తమ దగ్గర ఏ నియమావళి అమల్లో ఉందో ముందే కనుక్కోవాలి. 20 మంది, ఆ పైన ఉన్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలన్నది కొత్త కోడ్‌లోనూ ఉంది.

కుర్రాడు విశాఖ వైపు మంచి జీతానికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ ప్రెస్ మీద ఒడిశా కుర్రాడు ఉన్నాడు. అప్పగింత స్లిప్పును హిందీలో, ఒడియాలో కూడా అచ్చు వేయించాం. ఫిర్యాదు ఫారం ఇంకా తెలుగు, ఇంగ్లీషుల్లోనే ఉంది. దాన్ని కూడా మార్చమని హెచ్ఆర్‌కి రాశాను.